గిటారు మెడ విరిగితే బాగు చేయించాలా? మార్చాలా?



మన స్కూలు గిటారు విరిగిన సంగతి మీ అందరికీ తెలుసు. విరగ్గొట్టింది ఎవరో కొంతమందికే తెలుసు. నేనే. ఆదివారం మధ్యాహ్నం దాన్ని మంచానికి ఆనించి నీళ్ళకి పోయాను. వచ్చేసరికి వెల్లకిలా నేల మీద పడి ఉంది. తీగలు బిగించే మరలు ఉంటాయి కదా, ఆ తల భాగం మెడతో కలిసే చోట పగిలింది. భయం వేసి రెండు రోజులు ట్రంకుపెట్టె వెనక దాచాను. అది నా రెండో తప్పు. ఎందుకో చెప్తాను.

మన గిటారుకి ఆరు ఉక్కు తీగలు. శ్రుతిలో ఉన్నప్పుడు ఆ ఆరూ కలిసి 60 నుంచి 75 కిలోల బలంతో మెడను లాగుతుంటాయి. మన వంటింట్లో బియ్యం బస్తా 50 కిలోలు. అంతకంటే ఎక్కువ బలం రాత్రీ పగలూ లాగుతుంటే పగులు ఊరుకుంటుందా? వెంట్రుకంత పగులు గోరు దూరేంత అయింది. కాబట్టి మెడ పగలగానే మొదట చేయాల్సిన పని తీగలు వదులు చేయడం.

మూడో రోజు చెప్పేశాను. "ఇంక పోయింది, కొత్తది కొనాల్సిందే, డబ్బులు నువ్వే కట్టాలి" అన్నారు కొందరు. మా ఇంట్లో అంత డబ్బు లేదు. మా అయ్యకి ఏం చెప్పాలో తెలియక ఏడ్చాను. గిటారు నేర్పే సారు మాత్రం, "ఏడవకమ్మా. చూడకుండా పోయిందనీ అనకూడదు, బాగైపోద్దనీ అనకూడదు. ముందు చూద్దాం" అన్నారు. ఆయన చూసినవి వరసగా రాస్తున్నాను.

1. పగులు ఎట్లా ఉంది? మా అయ్య గొడ్డలికి కామ చేసేటప్పుడు కర్రలో నార చూస్తాడు. నార ఈ కొస నుంచి ఆ కొస దాకా నిలువుగా పోవాలి. మధ్యలో పక్కకి పోయి తెగితే ఆ కర్ర వద్దంటాడు. "ఒక్క దెబ్బకే ఇరుగుద్ది" అంటాడు. గిటారు తల కొంచెం వెనక్కి వాలి ఉంటుంది. మెడ, తల ఒకే చెక్కలో కోస్తే నార తిన్నగా పోతుంది, తల మాత్రం వెనక్కి పోతుంది. అందుకని ఆ వంపు దగ్గర నార పొట్టిగా తెగుతుంది. మెడ సన్నగా ఉండేదీ అక్కడే. విరిగేదీ అక్కడే.

పగులు ఏటవాలుగా, పొడుగ్గా ఉంటే మంచిది. జిగురు పట్టుకోవడానికి చోటు ఎక్కువ ఉంటుంది. అడ్డంగా టక్కున విరిగితే జిగురు ఒక్కటే ఆపలేదు. లోపల వేరే చెక్క పొదగాలి.

2. ముక్కలు కలుస్తాయా? జిగురు పెట్టకుండానే రెండు ముక్కలూ దగ్గరికి నొక్కి చూడాలి. సందు లేకుండా కలిస్తే అతికించవచ్చు. చెక్క పొట్టు పొట్టుగా రాలిపోయి ఉంటే కష్టం.

3. లోపలి కడ్డీ బాగుందా? మెడ లోపల ఇనుప కడ్డీ ఉంటుంది. దాన్ని ట్రస్ రాడ్ అంటారు. తీగల లాగుడికి మెడ మరీ వంగకుండా అది చూస్తుంది. కడ్డీ తెగితే పని పెద్దదవుతుంది.

4. మెడ వంగిందా, మెలి తిరిగిందా? తల వైపు నుంచి ఒక కన్ను మూసి, బాణం చూసినట్టు చూడాలి. కొంచెం వంగితే ఆ కడ్డీ మరను కొద్దికొద్దిగా తిప్పి సరిచేయవచ్చు. మెడ బాగా మెలి తిరిగితే కడ్డీతో పోదు. అప్పుడు మార్చడమే నయం కావచ్చు.

5. మెడ మార్చడం ఎంత పని? కొన్ని గిటార్లకి మెడను బోల్టులతో బిగిస్తారు. అవి విప్పి మార్చడం సులువు. చాలా గిటార్లకి జిగురుతో అతికిస్తారు. ఆవిరి పట్టి ఊడదీసి, కొత్త మెడ సరైన వాలులో కూర్చోబెట్టాలి. మనదిలాంటి తక్కువ ఖరీదు గిటారుకి ఆ కూలీతో ఇంకో గిటారే వస్తుంది.

మన గిటారు పగులు ఏటవాలుగా ఉంది. ముక్కలు చక్కగా కలిశాయి. కడ్డీ బాగుంది. మెడ మెలి తిరగలేదు. "అతికిద్దాం" అన్నారు సారు.

నా స్నేహితురాలు మేకు కొడదామంది. మేకు కొడితే చెక్క ఇంకా చీలుతుంది. క్షణంలో అంటుకునే జిగురు కూడా పొయ్యకూడదు. ముక్కలు సరిగ్గా కూర్చోకముందే అది గట్టిపడుతుంది. తర్వాత మంచి జిగురు పట్టదు. సంత దగ్గర వడ్రంగి తాత పగులు లోపలి దాకా చెక్క జిగురు పట్టించి, క్లాంపులతో బిగించి, బయటికి కారింది తడిగుడ్డతో తుడిచాడు. ఒక పగలు, ఒక రాత్రి కదపలేదు. ఆ తర్వాత కూడా మూడు రోజులు ఆగి, తీగలు రోజుకి కొంచెం చొప్పున బిగించాం. నా సంత డబ్బులు జిగురుకి సరిపోయాయి. కూలీ తాత తీసుకోలేదు.

ఇప్పుడు గిటారు మోగుతోంది. తల వెనక వేలితో తడిమితే గీత తగులుతుంది. అది నా గీత. అతుకు మళ్ళీ విడితే కొత్తది కొనాలేమో, సారు ఆ మాట కూడా దాచలేదు. అందుకని గిటారుని మంచానికి ఆనించకండి, ఎండలో పెట్టకండి. వేడికి జిగురు మెత్తబడుతుంది.

ఎవరి చేతిలోనైనా ఏదైనా విరిగితే నాలాగా దాచకండి. తీగలు వదులు చేసి, వెంటనే చెప్పండి.

ఇట్లు,
మీ తొమ్మిదో తరగతి అమ్మాయి