ప్రాజెక్ట్‌లో నువ్వేం చేశావ్?

ఫైనలియర్ వైవాలో ఎక్స్‌టర్నల్ ఏ అల్గారిథమ్ గురించి అడిగినా ఎలాగోలా చెప్పేయొచ్చు. ‘సరే, ఇందులో నువ్వేం చేశావ్?’ అన్నప్పుడే అసలు ఇబ్బంది. బ్యాచ్‌లో ఒకరు గడగడా చెప్పేస్తారు. ఇంకొకరు ‘డాక్యుమెంటేషన్ సార్’ అంటారు. మిగతా ఇద్దరూ స్లయిడ్ వైపు చూస్తారు. జాబ్ ఇంటర్వ్యూలోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది. ఫ్రెషర్ రెజ్యుమేలో గట్టిగా అడగదగ్గది చాలాసార్లు ప్రాజెక్టే మరి! అందుకే ప్లానింగ్ ఈ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టండి.

ఎనిమిది మంది, ఒక ఫుట్‌నోట్

చాట్‌జీపీటీ లాంటి వాటికి పునాది వేసిన రీసెర్చ్ పేపర్ ‘అటెన్షన్ ఈజ్ ఆల్ యూ నీడ్’. 2017లో ఎనిమిది మంది కలిసి రాశారు. మొదటి పేజీ అడుగున ఓ ఫుట్‌నోట్ ఉంటుంది. అందరి భాగస్వామ్యం సమానమే, పేర్ల వరుస ఎలా పడితే అలా వేసిందే అని చెప్పి, ఎవరేం చేశారో రాసుకున్నారు. సెల్ఫ్ అటెన్షన్ వాడదామన్నది ఒకరు. మొదటి మోడల్స్ తయారుచేసింది ఇద్దరు. లెక్కలేనన్ని వేరియంట్లు మార్చి మార్చి పరీక్షించింది మరొకరు. మొదటి కోడ్‌బేస్ బాధ్యత ఇంకొకరిది.

మీ బ్యాచ్ కూడా ఇలాంటి ఫుట్‌నోట్ మొదటి వారంలోనే రాసుకోవాలి. ఎవరి పేరు పక్కనైనా లైన్ ఖాళీగా ఉందంటే పని సరిగ్గా పంచుకోలేదన్నమాటే.

టాపిక్ సరే, ప్రశ్న ఏది?

‘ఆకులపై తెగుళ్ల గుర్తింపు’ చాలా కాలేజీల్లో కనిపించే ప్రాజెక్టే. ఎక్కువమంది వాడేది ప్లాంట్‌విలేజ్ డేటాసెట్. దానిమీద 2016లో వచ్చిన ఓ పేపర్‌లో 54,306 ఫొటోలు, 14 పంటలు, 26 తెగుళ్లు. యాక్యురసీ 99.35 శాతం! చాలా బ్యాచ్‌లు ఇంతవరకే చదివి బేస్ పేపర్ దొరికిందని సంబరపడతాయి. కానీ వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే అదే యాక్యురసీ 31.4 శాతానికి పడిపోయిందని ఆ పేపర్‌లోనే ఉంది. మోడల్ నేర్చుకున్న ఫొటోల్లో సాదా బ్యాక్‌గ్రౌండ్ మీద ఒక్కటే ఆకు. తోటలో అయితే ఆకు మీద ఆకు, నీడ, మట్టి, పట్టుకున్న వేళ్లు.

ఇక్కడే మీ రీసెర్చ్ ఉంది. ‘ల్యాబ్ ఫొటోలతో నేర్చుకున్న మోడల్ మదనపల్లె టమాటా తోటలో ఎంతవరకు పనిచేస్తుంది? మనం తీసిన ఫొటోలు కొన్ని కలిపితే ఎంత మెరుగవుతుంది?’ ఇలా అడిగితే జవాబు ‘పెద్దగా మెరుగవలేదు’ అని వచ్చినా అది రిజల్టే.

నలుగురికీ నాలుగు లైన్లు

ఒకరు తోటకెళ్లి ఫోన్‌తో ఫొటోలు తీసి, తెలిసినవాళ్లతో తెగుళ్ల పేర్లు రాయించాలి. రెండోవాళ్లు దొరికే మామూలు మోడల్‌ని ఉన్నదున్నట్టు రన్ చేసి మొదటి నంబర్ తేవాలి. అదే బేస్‌లైన్. మూడోవాళ్లు ఒక్కోసారి ఒక్కటే మార్చి చూడాలి. ఒకేసారి మూడు మారిస్తే దేనివల్ల పెరిగిందో ఎవరికీ తెలీదు. నాలుగోవాళ్లది టెస్టింగ్. ఒకే ఆకు ఫొటోలు ట్రెయినింగ్‌లోనూ టెస్ట్‌లోనూ పడకుండా చూడాలి. లేదంటే పరీక్షకు ముందే పేపర్ లీకైనట్టే.

మరి డాక్యుమెంటేషన్? ఎవరి పని గురించి వాళ్లే రాయాలి. కోడ్ పెన్‌డ్రైవ్‌లో తిప్పకుండా గిట్‌లో పెట్టండి. ఎవరి కమిట్లు వాళ్ల పేరుతోనే ఉండాలి. వారానికోసారి పక్కవాళ్ల పని మీరు పది నిమిషాలు వివరించండి. బేస్‌లైన్ నంబర్ మొదటి రివ్యూకి చేతిలో ఉండాలి. చివరి రెండు వారాలు కొత్త కోడ్ వద్దు.

ఫ్రెండే కదా అని ఒక్కరే మొత్తం చేసేస్తే ఆ ఒక్కరికి నిద్ర ఉండదు, మిగతా ముగ్గురికీ ఇంటర్వ్యూలో మాట ఉండదు. అలా జరుగుతుంటే మొదటి రివ్యూలోపే గైడ్‌కి చెప్పండి. ఇదంతా ఎందుకు, అమీర్‌పేటలో కొనేసుకుంటే పోలా అంటారా? కోడ్, రిపోర్ట్, పీపీటీ అన్నీ చేతికొస్తాయి. ‘నువ్వేం చేశావ్’ అన్నదానికి జవాబు మాత్రం రాదు.

స్టేజీ మీద పది నిమిషాలు

‘వాట్ ఈజ్ డీప్ లెర్నింగ్’ స్లయిడ్లు తీసేయండి, ఎదురుగా కూర్చున్నవాళ్లకి అది తెలుసు. టైటిల్ తర్వాత రెండే ఫొటోలు పెట్టండి: ల్యాబ్ ఆకు, తోట ఆకు. కింద మీ ప్రశ్న. తర్వాత రెండు నంబర్లు పక్కపక్కనే. ఆ తర్వాత మోడల్ తప్పు చెప్పిన ఫొటోలు నాలుగైదు, ఎందుకు తప్పిందో మీ అంచనా. తప్పులు దాచకుండా చూపిస్తే మీరు నిజంగా పని చేశారని అక్కడే తెలిసిపోతుంది. ఎవరి భాగం వాళ్లే మాట్లాడండి. డెమో ముందే వీడియో తీసి పెట్టుకోండి, ఆ టైమ్‌కి వైఫై పనిచేస్తుందన్న గ్యారంటీ లేదు. చివర్లో ‘థాంక్యూ’ బదులు మీ ఫుట్‌నోట్ ఉన్న స్లయిడ్ వదిలేయండి. ప్రశ్నలు వాటి మీదే వస్తాయి, జవాబు మీ దగ్గర ఉంటుంది.

టైటిల్ ఇంకా ఫిక్స్ కాకపోయినా పర్లేదు. ఈ రాత్రే బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లో అడగండి: ‘మన ఫుట్‌నోట్‌లో ఎవరి లైన్ ఏంటి?’