గళ్ళున్నవి గాని మగ్గాలేవీ?

గుడియాత్తంలో లుంగీల నేత యెరుగని తెలుగిల్లు వుండదు. మా తమ్ముడు ఇరవై మగ్గాల లెక్క నేటికీ చేతిపుస్తకంలోనే రాస్తాడు. రాయవేలూరులో కంప్యూటరు చదువుతున్న వాడి కూతురు దసరా సెలవులకు వచ్చి, "నాన్నా, ఆ లెక్క నాకు వదిలెయ్" అన్నది.

భాష జావా, 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ వారు వెలువరించినది. అందులో ఒక్కొక్క మగ్గం ఒక్కొక్క 'ఆబ్జెక్టు': నేతగాని పేరు, ఇచ్చిన నూలు, వచ్చిన లుంగీలు, ముట్టవలసిన కూలి అన్నీ దానిలోనే. వాటిని వరుసగా పేర్చితే 'అర్రే'. లెక్క సున్నాతో మొదలు, కడపటిది పందొమ్మిది. తెరమీద పేరు రాసే పెట్టె, దాని కింద 'కూలి' అని ఒక మీట.

తమ్ముడు కళ్ళజోడు సవరించుకుని మీట నొక్కాడు. కూలికి బదులు ఎర్రని అక్షరాలు: 'నల్ పాయింటర్ ఎక్సెప్షన్'!

పిల్ల తెల్లబోయింది. రాత్రి పదింటికి గాని గుట్టు తెలియలేదు. అర్రే చెయ్యమంటే యంత్రం ఇరవై గళ్ళు కట్టింది గాని, మగ్గాలను చెయ్యలేదు. ఒక్కొక్క గడికీ 'న్యూ' అని విడిగా ఒక మగ్గాన్ని చేసి పెట్టాలి. ఖాళీ గడిలో వుండేది 'నల్'. 1965లో దాన్ని ప్రవేశపెట్టిన టోనీ హోర్ గారే, అది తన నూరుకోట్ల డాలర్ల పొరపాటని 2009లో ఒప్పుకున్నారు. ఇక మా పిల్లనేమనగలం?

గళ్ళు నిండాక కూలి వచ్చింది. పుస్తకంతో పోల్చితే పదకొండో మగ్గం దగ్గర (యంత్రానికది పదోది) మూడువందల రూపాయలు తేడా. తప్పు పుస్తకానిదే. నేతగాడికి అంత తక్కువ ముట్టింది.

తెల్లవారగానే తమ్ముడు ఆ డబ్బు పట్టుకుని వెళ్ళాడు. పుస్తకం మాత్రం మానలేదు.