ప్రింట్ కొట్టారు... కాగితమేదీ?

హెడ్మాస్టరుగారు తన గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని రేపటి పరీక్షకు ప్రశ్నపత్రం టైపు చేశారు. ప్రింట్ బటన్ నొక్కారు. పక్కనే ఉన్న ప్రింటర్ ఉలకలేదు, పలకలేదు. మళ్లీ నొక్కారు. ఊహూఁ! ఇంతలో పిల్లల ల్యాబ్‌లోని ప్రింటర్ చకచకా రెండు కాపీలు బయటికి తోసేసింది. రేపటి పేపరు ఈరోజే పిల్లల చేతికి!

ఇది ఊహే. కానీ, థిన్ క్లయింట్ కంప్యూటర్లు వాడేచోట ఏ రోజైనా నిజమయ్యే అవకాశమున్న ఊహ. ఎందుకంటారా?

తెర ఇక్కడ... మెదడు అక్కడ

థిన్ క్లయింట్ పేరుకు తగ్గట్టే బక్కప్రాణి. చాలావాటికి హార్డ్ డిస్కే ఉండదు. స్విచ్ వేయగానే నెట్‌వర్క్ తీగ ద్వారా సర్వర్‌ని పలకరించి, దాని సాయంతోనే లేచి కూర్చుంటుంది. తెర, కీబోర్డు, మౌస్ మన ముందుంటాయి. ప్రోగ్రాములు నడిచేది మాత్రం సర్వర్‌లో. పాతబడిన కంప్యూటర్లనూ ఇలా వాడుకునే వీలు కల్పించింది ‘లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్ట్’. అమెరికాలో జిమ్ మెక్‌క్విలన్ 1999లో దీన్ని మొదలుపెట్టారు. మూలన పడేయాల్సిన యంత్రాలతోనే బడిలో ల్యాబ్ నడిపేయొచ్చన్నమాట. 2019లో దీన్ని పూర్తిగా తిరగరాశారు. ఈ కొత్త రూపంలో ప్రోగ్రాములు ఎక్కువగా క్లయింట్ యంత్రంలోనే నడుస్తాయి. ఇక్కడ చెప్పుకొనేది అన్నీ సర్వరే చేసిపెట్టే పద్ధతి గురించి.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. బటన్ నొక్కింది హెడ్మాస్టరు గదిలో. ప్రింట్ పుట్టింది సర్వర్‌లో! ‘పక్కనే ఉన్న ప్రింటర్’ అంటే సర్వర్‌కి అర్థం కాదు. దానికి తెలిసినవి రెండే... పేరు, అడ్రసు. ముందుగా ఏ ప్రింటర్‌కు పంపమని చెప్పి ఉంచితే అక్కడికే పంపుతుంది.

అడ్రసు మారితే అంతే!

నెట్‌వర్క్ తీగ పెట్టుకునే వీలున్న ప్రింటర్ అయితే సగం బాధ తప్పినట్టే. నేరుగా నెట్‌వర్క్‌కు కలిపేయొచ్చు. యూఎస్‌బీ ప్రింటర్‌ని థిన్ క్లయింట్‌కే తగిలించాల్సి వస్తే ఆ క్లయింట్ పోస్ట్‌మ్యాన్ అవతారమెత్తాలి. ఎల్‌టీఎస్‌పీ పాత పద్ధతిలో అది 9100 అనే పోర్టు దగ్గర కాచుకుని ఉంటుంది. వచ్చిన సమాచారాన్ని విప్పి చూడకుండా ప్రింటర్‌కి అందించేస్తుంది. డ్రైవర్ ఉండాల్సింది సర్వర్‌లోనే.

లినక్స్ సర్వర్‌లో ఈ పంపకాలు చూసేది ‘కప్స్’. మైఖేల్ స్వీట్ 1997లో తయారీ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ ఇది. అందులో కొత్త ప్రింటర్‌ని చేర్చి, ఐపీ అడ్రసు, 9100 పోర్టు, సరైన డ్రైవర్ ఇస్తే చాలు.

అయితే, ఒక మెలిక. నెట్‌వర్క్‌లో యంత్రాలకు ఐపీ అడ్రసులు పంచేది డీహెచ్‌సీపీ. ఇవాళ ఇచ్చిన నంబరే రేపూ ఇస్తుందన్న భరోసా లేదు. ఇంటి నంబరు రోజుకోసారి మారితే ఉత్తరం చేరేదెలా? అందుకే ప్రతి యంత్రానికీ ఉండే మ్యాక్ అడ్రసు చూసి, దానికెప్పుడూ ఒకే ఐపీ ఇచ్చేలా డీహెచ్‌సీపీలో రాసిపెట్టాలి.

తర్వాత పేర్లు. ‘ప్రింటర్1’, ‘ప్రింటర్2’ అంటే ఎవరికి గుర్తుంటుంది? ‘హెచ్ఎం గది’, ‘ల్యాబ్’ అని పెడితే పొరపాటుకు తావుండదు. ఎవరి డిఫాల్ట్ ప్రింటర్ ఏదో కూడా విడివిడిగా చెప్పాలి. ఏ ప్రింటర్‌ని ఎవరు వాడొచ్చో కప్స్‌లో నిర్ణయించవచ్చు.

ఇన్ని చేసినా కాగితం రాలేదా? ముందు సర్వర్ నుంచి ప్రింటర్ అడ్రసుకు ‘పింగ్’ చేయండి. జవాబు వస్తే దారి బాగున్నట్టే. తర్వాత క్యూ చూడండి. ప్రింటర్ ఒకసారి మొరాయించినప్పుడు క్యూ ఆగిపోయి ఉండొచ్చు. ‘రెజ్యూమ్’ అనేదాకా కదలదు.

తలుపు తీసి ఉంచొద్దు

9100 పోర్టు వచ్చినవాళ్లను ‘ఎవరు నువ్వు?’ అని అడగదు. 2018 నవంబరులో ఒక హ్యాకర్ ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న ప్రింటర్లను వెతికి పట్టుకుని, ఒక యూట్యూబ్ చానల్‌కు ప్రచారం చేస్తూ కాగితాలు అచ్చేయించాడు. అలా 50 వేల ప్రింటర్లకు పంపానని చెప్పుకున్నాడు. కాబట్టి ఈ పోర్టు బయటివాళ్లకు కనబడకుండా ఫైర్‌వాల్‌తో మూసేయాలి. వీలైతే సర్వర్ ఒక్కటే దాన్ని తట్టేలా చూడాలి.

అంతా అయ్యాక ఒక్కో గది నుంచీ ఒక్కో టెస్ట్ పేజీ కొట్టి చూడండి. కాగితం వచ్చిందా అని సంబరపడితే సరిపోదు. ఏ గదిలో వచ్చిందో చూసుకోవాలి. ప్రశ్నపత్రం సంగతి ఆ తర్వాతే!