రాత ఆయనది, పని మనది

శ్రీకాకుళం నుంచి కలకత్తా ఖిదిర్‌పూర్ డాకులో కూలి పనికొచ్చిన మా తాతయ్య, "అంతా రాసిపెట్టి ఉంది" అంటూనే తెల్లారేసరికి రేవులో ఉండేవాడు.

రాత గొప్పదా, మనిషి ప్రయత్నం గొప్పదా అన్న ఈ వాదన క్రైస్తవంలోనూ ఉంది. రక్షణ ఎవరికో దేవుడు ముందే నిర్ణయించాడని మతసంస్కర్త కాల్విన్ బోధించాడు. దేవుడి కృపను కాదనే స్వేచ్ఛ మనిషికి ఉందన్నారు అర్మీనియస్ అనుచరులు. 1618-19లో డార్ట్ క్రైస్తవ మహాసభ వారి వాదాన్ని తోసిపుచ్చింది.

మిషనరీ విలియం కేరీ కాల్విన్ బాటలోని బాప్టిస్టే. అయినా దేవుడి సంకల్పం మనిషి ప్రయత్నంతోనే నెరవేరుతుందని నమ్మి, 1793లో బెంగాల్ చేరాడు. మా హుగ్లీ ఒడ్డునే, శ్రీరాంపూర్‌లో, 1818లో ఆయన మిషన్ తెలుగు కొత్త నిబంధనను అచ్చువేసింది.

అమ్మ చేతిలో తెలుగు బైబిలు చూసినప్పుడల్లా తాతయ్యే గుర్తొస్తాడు. రాత దేవుడిదే కావచ్చు. పొద్దున్నే లేచి పనికి వెళ్ళాల్సింది మనమే.