పాత బ్లాకులో కొత్త వాల్వు

విల్లీస్ జీపుకు దక్కే ‘వింటేజ్’ హోదా చివరికి మెకానిక్ ఓపిక మీదే ఆధారపడుతుంది

బైలాడిలా ఇనుప కొండల కింద ఉన్న బచేలిలో పాత విల్లీస్ జీపు ఇంజిన్ విప్పాలనుకునే వారికి మొదటి చిక్కు దూరమే. ఖనిజం విశాఖ వైపు దిగే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం పొడవే దాదాపు 445 కిలోమీటర్లు. పనిలో పొరపాటు జరిగితే బరువైన బ్లాకును మోసుకుంటూ ఆ దారి పట్టాల్సి రావచ్చు.

రెండో ప్రపంచయుద్ధం నాటి ఈ జీపులో ఉన్నది ‘గో డెవిల్’ ఇంజిన్. నాలుగు సిలిండర్లు, సుమారు 2.2 లీటర్లు, 60 హార్స్‌పవర్. ఇది ఫ్లాట్‌హెడ్ రకం. ఇప్పటి ఇంజిన్లలో వాల్వులు పైన హెడ్‌లో ఉంటే, ఇందులో సిలిండర్ పక్కన బ్లాకులోనే ఉంటాయి. హెడ్ ఒట్టి మూత. సీటు పాడైతే హెడ్ మార్చి చేతులు దులుపుకోవడం కుదరదు.

కొత్త వాల్వులు కొన్నంత మాత్రాన పని కాదు. ముందు గైడు అరుగుదల చూడాలి. అందులో వాల్వు కాడ ఊగుతుంటే సీటు ఎంత బాగా కోసినా వృథా. ఆపైన గ్రైండింగ్ పేస్టు రాసి వాల్వును అటూ ఇటూ తిప్పుతూ రుద్దాలి. చుట్టూ తెగని బూడిదరంగు గీత పడితేనే కుదిరినట్టు. స్ప్రింగు లాకులు బిగించేటప్పుడు కింది రంధ్రాల్లో గుడ్డ కుక్కాలి. లేదంటే చేయి జారిన లాకు నేరుగా ఆయిల్ చాంబర్లో తేలుతుంది.

అసలు మెలిక ట్యాపెట్ దగ్గరుంది. సీటు కోసిన కొద్దీ వాల్వు కిందికి దిగి, కాడ ట్యాపెట్‌కు దగ్గరవుతుంది. ఆ సందును ఫీలర్ గేజీతో మళ్లీ సరిచేయాలి. సందు చాలకపోతే వేడికి కాడ సాగి వాల్వు పూర్తిగా మూసుకోదు. ఎగ్జాస్ట్ వాల్వు కాలిపోతుంది. 2000లో దేశంలో సీసం కలిపిన పెట్రోలు అమ్మకాలు ఆగాయి. సీట్లకు సీసం ఇచ్చిన రక్షణ కూడా దాంతోపాటే పోయింది. కాబట్టి అరిగిన ఎగ్జాస్ట్ సీటు స్థానంలో గట్టి లోహపు రింగు వేయడం మేలు.

ఇంత శ్రమ దేనికి, డీజిల్ ఇంజిన్ బిగిస్తే పోలేదా? ఎన్నో జీపులకు జరిగింది అదే. కానీ 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే వాహనానికి 50 ఏళ్లు నిండాలి, ఇంజిన్, ఛాసిస్, బాడీల్లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. ఇంజిన్ మారిస్తే జీపు పరుగెత్తవచ్చు. నంబరు ప్లేటు మీద ‘వీఏ’ అక్షరాలు మాత్రం రావు.