పిచ్చుకలు తగ్గితే నేరం డేగదేనా?



మందిరం ఆవరణలో ఒకప్పుడు పిచ్చుకలు గుంపులుగా వాలేవనీ, ఇప్పుడు వెతికినా కనబడవనీ పెద్దవారు అంటుంటే మనం వింటూనే ఉన్నాం. ఆ మాట వెంటే కారణం కూడా వినబడుతుంది. కాకులు గుడ్లు పొడుచుకు తింటున్నాయి, పిల్లి కూనల్ని ఎత్తుకుపోతోంది, డేగ కాచుకుని కూర్చుంటోంది అని. కాకిగూడు కూలగొడితే పిచ్చుకలు తిరిగి వస్తాయని నమ్మేవారూ ఉన్నారు. ఈ నమ్మకంలో నిజమెంతో ఈ వారం పరిశీలించాలని అనుకున్నాం.

వేటాడే పక్షి చిన్న పక్షిని చంపడం అబద్ధం కాదు. అయితే ఒక పిట్ట చావడం వేరు, ఆ జాతి తగ్గిపోవడం వేరు. చిన్న లెక్కతో ఈ తేడా అర్థమవుతుంది. ఒక జంట ఏడాదిలో పది పిల్లలను పెంచిందనుకుందాం. తల్లిదండ్రులతో కలిపి పన్నెండు. మరుసటి ఏటికి ఆ పన్నెండూ బతికి ఉంటే, కొన్నేళ్లలో చెట్టుమీద కొమ్మ ఖాళీ ఉండదు. సంఖ్య నిలకడగా ఉండాలంటే రెండు మిగిలితే చాలు. మిగతా పది ఆకలితోనో, చలితోనో, రోగంతోనో, డేగ గోళ్లలోనో పోతాయి. డేగ పట్టుకోని పిట్టను చాలాసార్లు ఆకలి పట్టుకుంటుంది. కాబట్టి డేగ ఎన్నింటిని తిన్నదని లెక్కపెడితే సరిపోదు. డేగ లేకపోతే అవి ఎక్కువగా మిగిలేవా అన్నదే అసలు ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి బ్రిటన్ మంచి చోటు. అక్కడ తోటపక్షులను దశాబ్దాలుగా లెక్కపెడుతున్నారు. స్పారోహాక్ అనే చిన్న డేగ అక్కడి తోటల్లో పిట్టలను వేటాడుతుంది. 1950ల చివరి నుండి పొలాల్లో వాడిన విషపు మందుల వల్ల ఈ డేగలు దేశంలో చాలా ప్రాంతాల్లో కనుమరుగయ్యాయి. ఆ మందులను కట్టడి చేశాక మెల్లగా తిరిగి వచ్చాయి. ఆక్స్‌ఫర్డ్ దగ్గరి వైథమ్ అడవిలో 1947 నుండి టిట్ అనే చిన్న పిట్టల గూళ్లను ఏటేటా పరిశీలిస్తున్నారు. డేగలు లేని కాలమూ, అవి తిరిగివచ్చిన కాలమూ ఆ లెక్కల్లో ఉన్నాయి. తిరిగివచ్చిన డేగలు టిట్ పిల్లల్లో పెద్ద భాగాన్నే తిన్నాయి. అయినా మరుసటి వసంతంలో గూడు కట్టే జంటల సంఖ్య పడిపోలేదు. 1998లో వెలువడిన మరో అధ్యయనం దేశవ్యాప్త లెక్కలు చూసి, పల్లెసీమల్లో పాటపిట్టల తగ్గుదలకూ డేగలు, మాగ్‌పై పక్షుల విస్తరణకూ పొంతన లేదని తేల్చింది.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. 2010లో వెలువడిన ఒక అధ్యయనం బ్రిటన్ ఊరపిచ్చుకల తగ్గుదలలో డేగకూ పాత్ర ఉందని వాదించింది. కనుక డేగకు ఎక్కడా ఏ పాత్రా లేదని అనలేం. కానీ పాటపిట్టలన్నీ తగ్గడానికి అదే మూలమన్న మాటకు ఆధారం బలహీనమే.

మరి మూలం ఎక్కడ? పిచ్చుక గింజలు తినే పక్షే అయినా, దాని కూనలకు మొదటి రోజుల్లో పురుగులే ఆహారం. ఇంగ్లండులోని లెస్టర్ నగరంలో గూళ్లను పరిశీలించినప్పుడు, పురుగులు దొరకని కూనలు గూట్లోనే ఆకలితో చనిపోతున్నట్టు తెలిసింది. తోటలో మందు కొట్టి, నేలంతా రాయి పరిచి, పొదలు కొట్టేస్తే పురుగు ఎక్కడిది? రోగం కూడా ఉంది. 2005 నుండి ట్రైకోమోనోసిస్ అనే జబ్బు గ్రీన్‌ఫించ్ పక్షులను పెద్ద సంఖ్యలో బలి తీసుకుంది. ప్రేమతో గింజలు పెట్టే పళ్లేలూ నీటి గిన్నెలూ కడగకపోతే అక్కడినుండే ఆ జబ్బు పాకుతుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. 2020లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక ప్రకారం దేశం మొత్తం మీద ఊరపిచ్చుకల సంఖ్య దాదాపు నిలకడగా ఉంది. తగ్గింది హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో. పాములు, జెముడుకాకులు, డేగలు పల్లెల్లో లేవా? ఉన్నాయి. అక్కడ పిచ్చుకలూ ఉన్నాయి. పల్లెలో ఉండి నగరంలో లేనివి వేరే: పెంకుల సందులు, చూరు వాసాలు, ధాన్యం చెరిగే వాకిళ్లు, మట్టి నేల, కంచె పొదలు. చూరుకు వరికంకుల కుచ్చు వేలాడదీసే అలవాటు కూడా మేడలతోపాటే పోయింది. అద్దాల కిటికీల ఇంట్లో పిచ్చుక గూడు ఎక్కడ కడుతుంది?

కాకి, పిల్లి మాటకొస్తే, వాటి గుంపులను పెంచుతున్నది ఎవరు? ప్రేమవిందు అయ్యాక ఆకులు గోడవతల పారేస్తే కాకులూ పిల్లులూ అక్కడే చేరతాయి. అన్నం అయిపోయాక వాటి చూపు పక్క చెట్టు మీది గూటిపై పడుతుంది. పైగా పెంపుడు పిల్లి అడవి వేటగాడు కాదు. మనం పాలు పోసి సాకే జంతువు. వేట దొరకనప్పుడు డేగ తగ్గిపోతుంది, పిల్లి తగ్గదు.

తప్పు పక్షి మీద నేరం మోపితే ఏమవుతుందో చైనా చూపింది. 1958లో ధాన్యం తింటున్నాయని అక్కడ పిచ్చుకల మీద యుద్ధం ప్రకటించారు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అన్న సామెత అక్షరాలా జరిగింది. పిచ్చుకలు పోయాక పురుగులు విజృంభించాయి. చివరకు 1960లో ఆ జాబితాలోంచి పిచ్చుకను తీసి నల్లిని చేర్చారు.

చవకగా అమ్ముడుపోయే పిచ్చుకను సైతం తండ్రి మరువడని ప్రభువు చెప్పాడు. ఆ మాట నమ్మే సంఘం తన ఆవరణలో చేయగలిగినది ఉంది. కాంక్రీటు పోయకుండా ఒక మూల మట్టిగా వదలండి. అక్కడ గోరింట, మందార వంటి పొదలు పెంచండి, మందు కొట్టకండి. నీటి మూకుడును రోజూ కడిగి నింపండి. మందిరానికి మరమ్మతులు చేసేటప్పుడు గూట్లో కూనలున్నాయేమో ముందు చూడండి, ఉంటే అవి ఎగిరిపోయేదాకా ఆగండి. విందు ఆకులను మూతపెట్టిన డబ్బాలో వేయండి. పిల్లి ఉన్నవారు తెల్లవారుజామున దాన్ని ఇంట్లోనే ఉంచండి. డేగ వస్తే రానివ్వండి. తినడానికి పిట్టలున్న చోటికే అది వస్తుంది.