కొండ నెక్కువారి ప్యాంటు

కౌలాలంపూర్ సమీపమున ఉన్న బటు గుహల సున్నపురాతి కొండను కొందరు త్రాడు కట్టుకొని ఎక్కుచుందురు. వారి ప్యాంటులో ఒక విశేషము కలదు.

సాధారణమైన ప్యాంటులో కాళ్ళ నడుమ నాలుగు కుట్లు ఒకేచోట కలియును. కాలు బాగుగా చాచినచో బిగువంతయు అచ్చటనే పడి కుట్టు విడిపోవును. అందుచేత కొండ నెక్కువారి ప్యాంటునకు ఆ చోట గాలిపటము వంటి నాలుగు మూలల గుడ్డముక్కను చేర్చి కుట్టుదురు. అప్పుడు కుట్లన్నియు ఒకచోట కలియవు, బిగువును పంచుకొనును. కాలు సులభముగా కదలును.

రాతికి రాచుకొను మోకాళ్ళకు రెండు పొరల గుడ్డ మేలు. నైలాను నూలుగుడ్డకంటె త్వరగా ఆరును.

ఇట్టి ప్యాంటు ఆటలకును, ఇంటిపనికిని తగియుండును. మీ ప్యాంటు కాళ్ళ నడుమ చిరిగినచో పారవేయకుడు. పెద్దల సాయముతో అట్టి ముక్క నొకటి కుట్టి చూడుడు.